చూసినవాళ్లు లేని హత్య కేసు: బలహీనమైన పరిస్థితుల సాక్ష్యాన్ని సెషన్స్ కోర్టులో ఎదుర్కోవడం ఎలా

"మావాడి మీద హత్య కేసు పెట్టినారు సార్. చూసినోళ్లు ఒక్కరూ లేరు. అయినా శిక్ష పడుతుందా?"

అనంతపురం కోర్టు ఆవరణలో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. పడొచ్చు అనేదే జవాబు. కళ్లారా చూసిన సాక్షి లేకపోయినా, చుట్టూ ఉన్న పరిస్థితులను బట్టే యావజ్జీవం పడిన కేసులు చాలా ఉన్నాయి. అవే పరిస్థితులు తేలిపోయి నిందితులు బయటపడ్డ కేసులూ ఉన్నాయి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. బలహీనమైన కేసును పీపీ (ప్రభుత్వ వకీలు) గెలవడం కంటే డిఫెన్సే (నిందితుడి వైపు వకీలే) చేజేతులా గెలిపించి పెట్టడం ఎక్కువ చూశాను. లేని అలిబీ (ఆ సమయానికి వేరే చోట ఉన్నాననే వాదన) ఒకటి అల్లడం, క్రాస్‌లో (అవతలి సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ఒక ప్రశ్న ఎక్కువ అడగడం, అన్నింటినీ అబద్ధమని కొట్టిపారేయడం. అందుకే ఏం చేయాలో చెప్పినంతగా ఏం చేయకూడదో కూడా చెబుతాను.

ఇది జూనియర్ అడ్వకేట్లకు, జైల్లో మనిషిని పెట్టుకుని తిరుగుతున్న కుటుంబాలకు రాస్తున్నాను. మీ వకీలు బదులు దీన్ని వాడుకోవద్దు. మీ వకీలు దగ్గర కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా కోర్టులోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

ఉదాహరణ కోసం ఒక కల్పిత కేసు

ఉరవకొండ వైపు ఒక ఊరు అనుకుందాం. 2025 మే నెల. సోమవారం రాత్రి 7.30కు ఏ1 (మొదటి నిందితుడు), చనిపోయిన మనిషి ఒకే బైకు మీద పోతుండగా బీడీల బంకు యజమాని చూశాడు. మంగళవారం సాయంత్రం 4 గంటలకు గొర్రెలు మేపే అతనికి చేను గట్టున శవం కనిపించింది. 6 గంటలకు ఎఫ్ఐఆర్. బుధవారం ఉదయం 11కు పోస్టుమార్టం. పన్నెండు రోజుల తర్వాత ఏ1 వీఆర్వో దగ్గరికి పోయి తప్పు ఒప్పుకున్నాడట. రోడ్డు పక్క మోరీ కింద కొడవలి చూపించాడట. దాని మీద రక్తం ఉందట. బోరు దగ్గర నీళ్ల తగాదా కారణమట. ఫోను టవర్ కూడా అక్కడే చూపిస్తోందట.

చదివితే గట్టి కేసులాగే ఉంది కదా. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

## 1. కాగితాలన్నీ చేతికి వచ్చేదాకా కథ చెప్పకండి

కుటుంబం వకీలు దగ్గరికి వచ్చీ రాగానే ఒక కథతో వస్తుంది. "ఆ రోజు మావాడు ఊళ్లోనే లేడు సార్." నిజమే కావచ్చు. అయినా ఛార్జిషీటు చదవకముందు దాన్ని ఏ పిటిషన్‌లోనూ రాయకండి. బెయిల్ పిటిషన్‌లో తొందరపడి రాసిన మాటకూ, తర్వాత బయటపడే టవర్ లొకేషన్‌కూ పొంతన లేకపోతే ట్రయల్ అంతా దాన్నే మోయాలి.

బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 230 ప్రకారం నిందితుడు హాజరైన నాటి నుంచి 14 రోజుల్లోపు పోలీసు రిపోర్టు, దానికి జతచేసిన కాగితాల నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. నేరం 2024 జూలై 1కి ముందు జరిగితే శిక్షాస్మృతి పాతదే, అంటే ఐపీసీ 302. ఆ తర్వాతదైతే బీఎన్ఎస్ 103. జూలై 1 నాటికే నడుస్తున్న ట్రయల్ పాత సీఆర్‌పీసీ ప్రకారమే సాగుతుంది. మీ కేసు ఏ తేదీదో ముందు చూసుకోండి. ఇక్కడ చట్టం పేరు లేకుండా రాసిన కొత్త సెక్షన్లన్నీ బీఎన్ఎస్ఎస్‌వే.

చేతికి రావాల్సినవి, టిక్కు పెట్టుకోండి:

☐ ఎఫ్ఐఆర్, దాని మీద మేజిస్ట్రేట్ వేసిన తేదీ, సమయం
☐ శవ పంచనామా
☐ ఘటనా స్థలం మీడియేటర్ రిపోర్టు (మధ్యవర్తుల ముందు రాసిన పంచనామా), రఫ్ స్కెచ్, ఫొటోలు
☐ సాక్షుల వాంగ్మూలాలు (సెక్షన్ 180, పాతది 161), ఒక్కొక్కటి ఏ తేదీన రాశారో
☐ మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన వాంగ్మూలాలు (సెక్షన్ 183)
☐ పోస్టుమార్టం రిపోర్టు
☐ అరెస్టు, రికవరీ మీడియేటర్ రిపోర్టు. సోదా, స్వాధీనాల వీడియో
☐ ఎఫ్ఎస్ఎల్‌కు (ఫోరెన్సిక్ ల్యాబ్‌కు) పంపిన లేఖ, వచ్చిన రిపోర్టు
☐ కాల్ డేటా, సీసీటీవీ, వాటి సర్టిఫికెట్లు
☐ రిమాండ్ రిపోర్టులన్నీ

ఇంకో జాబితా కూడా అడగాలి. పోలీసులు సేకరించి కూడా ఛార్జిషీటులో వాడుకోని వాంగ్మూలాలు, వస్తువుల జాబితాను నిందితుడికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మీకు పనికొచ్చే సాక్షి చాలాసార్లు ఆ జాబితాలోనే ఉంటాడు. ఫుటేజీ, మెమరీ కార్డు లాంటివైతే క్లోన్ కాపీ అడగండి.

త్వరగా చెరిగిపోయేవి ముందు. దుకాణాల సీసీటీవీ కొన్ని వారాల్లోనే తనను తానే చెరిపేసుకుంటుంది. కాల్ డేటా రెండేళ్లు ఉంటుంది. మీవాడు ఆ రాత్రి కర్నూలు నుంచి వస్తున్నానని చెబితే అమకతాడు, కాసేపల్లి టోల్‌గేట్ల ఫాస్టాగ్ వివరాలు, ఆర్టీసీ టికెట్, పెట్రోలు బంకు బిల్లు, ఫోన్‌పే లావాదేవీ ఇవన్నీ వెంటనే భద్రపరచాలి. సెక్షన్ 94 కింద కోర్టు ద్వారా తెప్పించమని పిటిషన్ వేయండి. సొంతంగా వెళ్లి దుకాణంవాడిని బతిమాలి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నది రేపు సాక్ష్యంగా నిలవడం కష్టం.

## 2. గంటల పట్టిక వేయండి

నాకు తెలిసి ఈ పనిలో అన్నింటికంటే ఫలితం ఇచ్చేది ఇదే. చేసేవాళ్లు తక్కువ. పెద్ద డ్రాయింగ్ షీటు తీసుకుని ఎడమ వైపు గంటలు రాయండి. పక్కన మూడు గళ్లు: ఏం జరిగిందంటున్నారు, ఎవరు చెప్పారు, ఆ మాట మొదట ఏ తేదీన కాగితం మీదికి వచ్చింది.

ఆ మూడో గడిలోనే అసలు సంగతి బయటపడుతుంది. మన ఉదాహరణలో బంకు యజమాని సోమవారం రాత్రి చూశాడు. మంగళవారం సాయంత్రానికి ఊరంతా శవం చుట్టూ మూగింది. అతని బంకు అక్కడికి ఫర్లాంగు దూరం. కానీ అతని వాంగ్మూలం తేదీ చూస్తే తొమ్మిది రోజుల తర్వాత. శవ పంచనామాలో 'చివరిసారి ప్రాణాలతో ఎవరు చూశారు' అనే గడి ఉంటుంది. అందులో అతని పేరు లేదు. ఎఫ్ఐఆర్‌లో కూడా లేదు.

ఎఫ్ఐఆర్ మేజిస్ట్రేట్‌కు ఎప్పుడు చేరిందో తప్పక చూడండి. మంగళవారం సాయంత్రం 6కు నమోదైంది, కోర్టు గంట ప్రయాణం దూరంలో ఉంది, చేరింది బుధవారం మధ్యాహ్నం 3కు. 21 గంటలు. ఆలస్యం ఒక్కటే కేసును కూల్చదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ ఎఫ్ఐఆర్‌లో ఏ1 పేరు అనుమానితుడిగా ఉంటే, ఆ పేరు ఆ 21 గంటల్లో చేరిందా అనే ప్రశ్న వేయడానికి చోటు దొరుకుతుంది.

## 3. ఒక్కో లంకెను విడిగా రాయండి

పరిస్థితుల సాక్ష్యం అంటే గొలుసు. 1984లో శరద్ బిర్దిచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు ఐదు పరీక్షలు చెప్పింది. ఇప్పటికీ ప్రతి సెషన్స్ కోర్టులో అవే కొలమానం. మన మాటల్లో చెప్పుకుంటే:

1. ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువై ఉండాలి. 'అయి ఉండొచ్చు' చాలదు, 'అయి తీరాలి'.
2. రుజువైనవి నిందితుడి నేరానికి మాత్రమే సరిపోవాలి.
3. అవి తిరుగులేనివిగా ఉండాలి.
4. ఇంకొకరు చేసి ఉండొచ్చనే సమంజసమైన ఊహకు తావు మిగలకూడదు.
5. గొలుసు ఎక్కడా తెగకుండా పూర్తిగా ఉండాలి.

జూనియర్లు నేరుగా ఐదో దాని మీదికి పోతారు. "గొలుసు తెగింది మిలార్డ్" అని. ఎక్కడ తెగిందో చూపించకపోతే అది ఉత్త మాట. పని మొదలయ్యేది మొదటి పరీక్షతోనే. మన ఉదాహరణలో ఆరు లంకెలు: కలిసి కనబడటం, వీఆర్వో ముందు ఒప్పుకోలు, కొడవలి, రక్తం, టవర్, తగాదా. ఒక్కో కాగితం మీద ఒక్కో లంకె రాసి, కింద ఈ మూడింటికి జవాబు రాయండి.

☐ ఇది నిజంగా రుజువైందా, చెప్పింది ఎవరు?
☐ నిజమే అనుకున్నా, దానికి వేరే మామూలు కారణం ఉందా?
☐ దీన్ని తీసేస్తే మిగిలినవి నిలబడతాయా?

రెండో ప్రశ్న దగ్గర నిజాయితీగా ఉండండి. కొన్ని లంకెలు ఒప్పుకోవడమే మంచిది. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, ఒకే బైకు మీద పోయారంటే కాదని కొట్లాడే బదులు "అవును, రోజూ పోయేవాళ్లే" అంటే ఆ లంకెకు పదును పోతుంది.

సాక్ష్యం మరీ తేలిగ్గా ఉంటే డిశ్చార్జ్ పిటిషన్ (ట్రయల్ లేకుండానే వదిలేయమని అడిగేది) వేయొచ్చు. కొత్త చట్టంలో సెక్షన్ 250 ప్రకారం మేజిస్ట్రేట్ కేసును సెషన్స్‌కు పంపిన (కమిట్ చేసిన) నాటి నుంచి 60 రోజుల్లోపు. అయితే ఆ దశలో కోర్టు సాక్ష్యాన్ని లోతుగా తూచదు. ఓడిపోయే డిశ్చార్జ్ పిటిషన్‌లో మీ వాదన మొత్తం బయటపెడితే పీపీ ఆ సందులన్నీ ట్రయల్‌లో పూడ్చుకుంటాడు. ఒక్క లంకె కూడా నిలబడని కేసుల్లోనే వేయండి.

## 4. 'చివరిసారి కలిసి కనబడ్డారు'

రాయలసీమలో చూసినవాళ్లు లేని హత్య కేసుల్లో నూటికి తొంభై వాటిలో ఈ లంకె ఉంటుందనిపిస్తుంది నాకు. దీనికి బలం ఇచ్చేది ఒక్కటే: కలిసి కనబడటానికీ చావుకూ మధ్య వ్యవధి ఎంత తక్కువ, ఆ మధ్యలో మూడో మనిషి రావడానికి వీలుందా లేదా.

లెక్క వేయండి. బుధవారం ఉదయం 11కు పోస్టుమార్టం చేసిన డాక్టరు 'చావు 24 నుంచి 48 గంటల ముందు' అని రాశాడు. అంటే సోమవారం ఉదయం 11 నుంచి మంగళవారం ఉదయం 11 మధ్య. కలిసి కనబడింది సోమవారం రాత్రి 7.30కు. కాబట్టి ఆ తర్వాత పదిహేనున్నర గంటల్లో ఎప్పుడైనా జరిగి ఉండొచ్చు. చేను గట్టు అందరూ తిరిగే చోటు. ఆ రాత్రి నీళ్లు కట్టుకోవడానికి ఎవరు వచ్చారు, తెల్లారి పాలవాడు ఏ దారిన పోయాడు, ఇవి ఐఓ (దర్యాప్తు అధికారి) విచారించాడా? ఇదే మీ క్రాస్.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. జూనియర్‌గా ఉన్నప్పుడు ఇలాంటి సాక్షినే క్రాస్ చేస్తున్నాను. వాంగ్మూలం ఆలస్యం అయిందని ఒప్పించాను. పంచనామా దగ్గర ఉండి కూడా చెప్పలేదని ఒప్పించాను. అక్కడ కూర్చోవాల్సింది. కూర్చోలేదు. "చీకట్లో మనిషిని ఎట్లా గుర్తుపట్టినావు?" అన్నాను. "బంకు ముందర బల్బు ఉంటుంది సార్. ఆయప్ప నా దగ్గరే బీడీలు తీసుకున్యాడు, అర్ధ రూపాయి బాకీ కూడా ఉంది" అన్నాడు. కోర్టు హాలంతా నవ్వింది. చీఫ్‌లో (తన సాక్షిని తాను ప్రశ్నించినప్పుడు) పీపీ అడగని వెలుతురును నేనే అడిగి రికార్డు చేయించాను. మా సీనియర్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పల్లెలో మనిషిని నడకను బట్టి, దగ్గును బట్టి గుర్తుపడతారు. జవాబు మీకు ముందే తెలియని ప్రశ్న, అందులోనూ 'ఎట్లా', 'ఎందుకు' అనే ప్రశ్న, క్రాస్‌లో వేయకండి.

## 5. 'నిందితుడు చూపిస్తే దొరికింది'

పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు చెల్లదు. దానికి మినహాయింపు: ఆ మాట వల్ల ఒక విషయం కొత్తగా బయటపడితే, ఆ మేరకు మాత్రం చెల్లుతుంది. పాత ఎవిడెన్స్ యాక్టులో ఇది సెక్షన్ 27, ఇప్పుడు బీఎస్ఏ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 23లో కలిసింది. దీని హద్దులు చెప్పిన తీర్పు మన గుంటూరు సెషన్స్ నుంచే పోయింది. స్వాతంత్ర్యానికి ముందు మన ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన పులుకూరి కోటయ్య తీర్పు. 'కొడవలి మోరీ కింద దాచాను' చెల్లుతుంది. 'దాంతో నరికాను' చెల్లదు. మీడియేటర్ రిపోర్టు మొత్తాన్ని మార్క్ చేయబోతే (సాక్ష్యంగా నమోదు చేయబోతే) అక్కడికక్కడే అభ్యంతరం చెప్పి, చెల్లే భాగానికే పరిమితం చేయించండి.

రికవరీని పరీక్షించే వరస ఇది:

☐ అరెస్టుకు ముందే ఆ చోటు పోలీసులకు తెలుసా? పాత రిమాండ్ రిపోర్టు, పేపర్ వార్తలు చూడండి.
☐ నిందితుడు అన్న మాటలు అతని మాటల్లోనే ఉన్నాయా? ఐఓ కోర్టులో ఆ మాటలు చెప్పాడా? 'నిందితుడు చెప్పినట్టు రికవరీ చేశాం' అని ముక్తసరిగా చెబితే చాలదని 2022లో సుబ్రమణ్య కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.
☐ మధ్యవర్తులు ఎవరు? అదే వీఆర్వో ఇంకెన్ని కేసుల్లో మధ్యవర్తి?
☐ బయల్దేరిన సమయం, చేరిన సమయం, రిపోర్టు ముగిసిన సమయం ఒకదానికొకటి పొసుగుతాయా?
☐ అక్కడే సీలు వేశారా? కోర్టుకు ఏ రోజు చేరింది? మధ్య రోజుల్లో ఎక్కడుంది?
☐ వీడియో ఏది? 2024 జూలై తర్వాతి కేసుల్లో సోదా, స్వాధీనాలను రికార్డు చేసి మేజిస్ట్రేట్‌కు పంపాలి (సెక్షన్ 105). లేకపోతే ఎందుకు లేదో ఐఓ జవాబు చెప్పుకోవాలి.

ఇక 'బహిరంగ స్థలం' అనే వాదన. మోరీ కింద దొరికింది, అందరూ తిరిగే చోటు, కాబట్టి చెల్లదు అని చాలామంది అంటారు. అంత సులువు కాదు. 1999లో జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు: చోటు బహిరంగమా అన్నది ముఖ్యం కాదు, వస్తువు మామూలుగా ఇతరుల కంటపడేలా ఉందా అన్నది ముఖ్యం. మట్టిలో పాతిపెట్టి ఉంటే రోడ్డు పక్కనైనా రికవరీ నిలుస్తుంది. కాబట్టి "అది ఎవరైనా పోయే దారేనా?" అని అడిగి వదిలేయకండి. మోరీ ఎత్తెంత, కొడవలి మీద మట్టి కప్పారా, మేకలు నీళ్లకు దిగే చోటేనా అన్నది ముందు మీరే వెళ్లి చూసి రండి. ఫొటో తీసుకోండి. నేను ప్రతి కేసులోనూ ఆ చోటుకు వెళ్తాను. స్కెచ్‌లో ఉన్న చెట్టు అక్కడ లేకపోవడం రెండుసార్లు చూశాను.

ఇంకొకటి. మన ఊళ్లలో కొడవలి లేని ఇల్లు లేదు. ఆ కొడవలి ఏ1దే అని ఎవరు గుర్తుపట్టారు, గాయాలు దాంతోనే అయ్యాయని డాక్టరుకు దాన్ని చూపించి అడిగారా? చూపించకపోతే ఆ ఖాళీని మీరు పూడ్చకండి.

## 6. వీఆర్వో దగ్గర ఒప్పుకోలు

నిందితుడు పన్నెండు రోజులు ఎక్కడో తిరిగి, ఎప్పుడూ మాట్లాడని వీఆర్వో దగ్గరికి పోయి, హృదయభారం దించుకుని, సంతకం పెట్టాడని మన జిల్లాల ఛార్జిషీట్లలో తరచుగా కనిపిస్తుంది. కోర్టు బయటి ఒప్పుకోలు బలహీనమైన సాక్ష్యమని, దానికి వేరే ఆసరా కావాలని సుప్రీంకోర్టు 2012లో సహదేవన్ కేసులో చెప్పింది.

అడగాల్సినవి కొన్నే: ఇద్దరికీ ముందు పరిచయం ఉందా, ఏ1 ఊరు ఆ వీఆర్వో పరిధిలోదేనా, కాగితం రాసింది ఎవరు, అది ఎన్ని గంటలకు స్టేషన్‌కు చేరింది, ఆ రోజు ఏ1 ఫోను టవర్ ఎక్కడుంది. చివరిది మర్చిపోవద్దు. వీఆర్వో ఆఫీసులో ఉన్నాడన్న సమయానికి ఫోను స్టేషన్ టవర్ కింద ఉంటే ఇంకేం అడగనక్కర్లేదు.

## 7. ఫోను, సీసీటీవీ

టవర్ లొకేషన్ అంటే మనిషి నిలబడ్డ చోటు అని జనం అనుకుంటారు. అది ఫోను ఏ టవర్‌కు తగులుకుందో చెబుతుంది, అంతే. పట్నంలో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. అనంతపురం మెట్ట పొలాల్లో ఒక్కో టవర్ కిలోమీటర్ల మేర, నాలుగైదు ఊళ్లకు పనిచేస్తుంది. ఏ1 ఇల్లు, చేను గట్టు రెండూ ఒకే టవర్ కిందికి వస్తే ఆ సాక్ష్యం చెప్పేది 'అతను ఊళ్లో ఉన్నాడు' అని మాత్రమే. కంపెనీ నోడల్ ఆఫీసర్‌ను అడగండి: ఆ సెల్ ఏ దిక్కుకు ఉంది, ఎంత దూరం అందుతుంది, ఇంటి దగ్గర ఉంటే కూడా ఇదే సెల్ రావచ్చా.

సిమ్ ఎవరి పేరు మీద ఉంది, ఎవరు వాడుతున్నారు అన్నది వేరే ప్రశ్న. తమ్ముడి ఆధార్ మీద తీసుకున్న సిమ్ అన్న చేతిలో ఉండటం మనకు వింత కాదు.

సర్టిఫికెట్ లేకుండా ఎలక్ట్రానిక్ రికార్డు నకలు సాక్ష్యంగా చెల్లదు. పాత 65బి, ఇప్పుడు బీఎస్ఏ సెక్షన్ 63. 2020లో అర్జున్ పండిత్‌రావ్ తీర్పు దీన్ని తప్పనిసరి అని తేల్చింది. కొత్త నమూనాలో రెండు భాగాలు ఉంటాయి, పరికరం చూసుకునే మనిషిది ఒకటి, నిపుణుడిది ఒకటి. హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా ఉండాలి. అభ్యంతరాన్ని పత్రం మార్క్ చేసేటప్పుడే చెప్పండి. అయితే దీని మీదే మొత్తం భారం వేయకండి. సర్టిఫికెట్ లోపాన్ని తర్వాతైనా సరిదిద్దుకోవడానికి కోర్టు అనుమతించవచ్చు.

సీసీటీవీలో గడియారం చూడండి. డీవీఆర్ (ఫుటేజీ రికార్డు చేసే పెట్టె) సమయం అసలు సమయం కంటే పావుగంట, అరగంట తేడాగా ఉండటం మామూలే. స్వాధీనం చేసుకున్న రోజు ఐఓ ఆ తేడాను రాశాడా?

## 8. డాక్టరు, ఎఫ్ఎస్ఎల్

చావు సమయం అంచనానే. మే నెల ఎండలో, బయట పడి ఉన్న శవం తొందరగా పాడవుతుంది. డాక్టరును "ఈ వాతావరణంలో మీ అంచనా కొన్ని గంటలు అటూ ఇటూ కావచ్చా?" అని అడిగి ఆపేయండి.

కొడవలి మీద 'మనిషి రక్తం, గ్రూపు తేలలేదు' అని రిపోర్టు వస్తే అది ఎవరి రక్తమో తేలనట్టే. డీఎన్ఏ ఉంటే మాత్రం జాగ్రత్త. రిపోర్టుతో కొట్లాడకండి, శాంపిల్ ప్రయాణంతో కొట్లాడండి: ఎవరు తీశారు, సీలు ఏది, స్టేషన్‌లో ఎన్ని రోజులుంది, ల్యాబ్‌కు చేరినప్పుడు సీలు చెక్కుచెదరకుండా ఉందా.

పోలీసు కుక్క ఏ1 ఇంటి ముందు ఆగిందని పేపర్లో పెద్ద ఫొటో వచ్చి ఉంటుంది. దర్యాప్తుకు దారి చూపడానికి అది పనికొస్తుంది, సాక్ష్యంగా దానికి పెద్ద విలువ లేదు. 2001లో మన రాష్ట్రం నుంచే పోయిన గాదె లక్ష్మీ మంగరాజు కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది.

## 9. కక్ష

చూసినవాళ్లు లేని కేసుల్లో కారణానికి బరువు ఎక్కువ. కానీ కక్ష రెండు వైపులా పదునున్న కత్తి. నీళ్ల తగాదా ఉంటే చంపడానికి కారణం అంటారు, ఇరికించడానికీ అదే కారణం. చనిపోయిన మనిషికి ఇంకెవరితో తగాదాలున్నాయో పాత కేసులు తెప్పించి చూడండి. పేరు పెట్టి ఫలానావాడే చంపాడని మాత్రం అనకండి. ఆ భారం మీ నెత్తికెత్తుకోవద్దు.

## 10. క్రాస్‌లో జరిగే తప్పులు, వాటి సవరణ

విరుద్ధ వాంగ్మూలాన్ని సగంలో వదిలేయడం. సాక్షి కోర్టులో ఒకటి, పోలీసులకు ఒకటి చెబితే ఆ పాత వాక్యం చదివి వినిపించాలి, కాదంటే దాన్ని డిఫెన్స్ ఎగ్జిబిట్‌గా మార్క్ చేయించాలి. తర్వాత ఐఓ వచ్చినప్పుడు "ఆ సాక్షి మీ ముందు అలాగే చెప్పాడు" అని ఒప్పించాలి. ఈ రెండో మెట్టు మర్చిపోతే మొదటిది గాలికి పోయినట్టే. ఐఓ వాయిదాకు ముందు రోజు రాత్రి సాక్షి వారీగా జాబితా రాసుకోండి.

సూచన ప్రశ్నల్లో రెండు కథలు చెప్పడం. "గొడవలో పొరపాటున తగిలింది కదా?" అని ఒక సాక్షికి, "ఏ1 అక్కడ లేడు కదా?" అని ఇంకో సాక్షికి సూచన వేస్తే రెండూ పోతాయి. మీ కేసు ఒక్కటే ఉండాలి.

మర్చిపోయిన ప్రశ్న. సాక్షిని మళ్లీ పిలిపించడానికి సెక్షన్ 348 ఉంది. ఏ ప్రశ్న, ఎందుకు అవసరం అన్నది స్పష్టంగా రాయండి. వకీలు మారాడు అన్న కారణం ఒక్కటే సరిపోదు.

సాక్షులతో మాట్లాడటం. కుటుంబాలకు చెబుతున్నాను. రచ్చకట్ట మీద పెద్దమనుషులతో సాక్షికి కబురు పెట్టడం, డబ్బు ఆశ చూపడం, బెదిరించడం నేరం. బెయిల్ పోతుంది. పైగా, తేలిపోతున్న కేసుకు అదే బలం అవుతుంది.

## 11. నిందితుడు చెప్పాల్సిన మాట

సాక్షులయ్యాక జడ్జి సెక్షన్ 351 (పాతది 313) కింద నిందితుడిని ప్రశ్నిస్తారు. చాలామంది ప్రతిదానికీ "అబద్ధం" అని వచ్చేస్తారు. అబద్ధమైన వాటికి అలాగే అనండి. కానీ మామూలు వివరణ ఉన్న చోట చెప్పడం మంచిది: "అవును, బైకు మీద బంకు దాకా దింపాను, తర్వాత ఇంటికి పోయినాను." రాతపూర్వకంగా కూడా ఇవ్వొచ్చు. వారం ముందే జైలుకు వెళ్లి, లేదా ఇంట్లో కూర్చోబెట్టి, నిదానంగా మాట్లాడండి. ఆ రోజు టెన్షన్‌లో ఏదేదో అనేస్తారు.

ఏ పరిస్థితి గురించి నిందితుడిని అడగలేదో దాన్ని అతని మీద వాడకూడదు. ఇదీ సార్దా తీర్పులోనే ఉంది. అడిగిన ప్రశ్నల నకలు దగ్గర పెట్టుకోండి.

పీపీ చివర్లో 'ఏం జరిగిందో అతనికే తెలుసు, అతనే చెప్పాలి' అని బీఎస్ఏ సెక్షన్ 109 (పాత ఎవిడెన్స్ యాక్టులో 106) ఎత్తుతాడు. దానికి జవాబు: ప్రాసిక్యూషన్ తన గొలుసు రుజువు చేశాకే ఆ ప్రశ్న వస్తుంది. తెగిన గొలుసును నిందితుడి మౌనంతో అతికించకూడదు. అబద్ధపు వివరణ కూడా అంతే, పూర్తయిన గొలుసుకు అదనపు లంకె అవుతుంది తప్ప లేని లంకెకు బదులు కాదు.

అలిబీ రుజువు చేసే బాధ్యత మీదే. టోల్ రికార్డు లాంటి గట్టి ఆధారం ఉంటేనే తీసుకోండి. మేనమామ, బావమరిది సాక్ష్యంతో అలిబీ నడపడం కంటే అసలు ఎత్తకపోవడమే మేలు.

## 12. కేసు పేరుమోసిందైతే

టీవీ వ్యాన్లు వచ్చిన కేసులో పోలీసుల మీద ఎవరో ఒకరిని చూపించాలనే ఒత్తిడి ఉంటుంది. విజయవాడ దగ్గర 2007 డిసెంబరులో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య కేసు గుర్తుండే ఉంటుంది. 2010లో ట్రయల్ కోర్టు ఒక యువకుడికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు.

చేయాల్సినవి:

☐ మొదటి రోజు నుంచి వార్తల క్లిప్పింగులు, వీడియోలు తేదీలతో దాచండి. అరెస్టు చూపించిన తేదీకి ముందే అదుపులో ఉన్నట్టు వార్త వస్తే రికవరీ మొత్తం అనుమానంలో పడుతుంది.
☐ ప్రెస్‌మీట్‌లో నిందితుడి ముఖం చూపించారా? చూపించాక జరిపిన గుర్తింపు పరేడ్‌కు విలువ తగ్గుతుంది.
☐ మీడియాకు ఇంటర్వ్యూలు ఇవ్వకండి. బంధువులకూ అదే మాట.
☐ అప్రూవర్ (క్షమాభిక్ష పొంది సాక్షిగా మారిన నిందితుడు) ఉంటే అతని మాటకు ప్రతి నిందితుడి విషయంలో విడిగా ఆసరా ఉందా చూడండి.

స్థానికంగా న్యాయంగా విచారణ జరగదని ఆధారాలు ఉంటే కేసు మార్చమని హైకోర్టును, వేరే రాష్ట్రానికి మార్చమని సుప్రీంకోర్టును అడగొచ్చు. బాధితుల వైపు నుంచి కూడా అడగొచ్చు. 2019లో పులివెందులలో జరిగిన మాజీ మంత్రి హత్య కేసును 2022 నవంబరులో సుప్రీంకోర్టు కడప నుంచి హైదరాబాద్ సీబీఐ కోర్టుకు మార్చింది బాధిత కుటుంబం అడిగినందుకే. ఆ కేసు మంచిచెడులు ఇక్కడ మాట్లాడను.

## 13. వాదనలు, ఆ తర్వాత

రాతపూర్వక వాదన ఇవ్వండి. గంటల పట్టికను మొదటి పేజీలో పెట్టండి. ఒక్కో లంకె కింద సాక్షి నంబరు, పేరా నంబరు, ఎగ్జిబిట్ నంబరు. తీర్పులు ఐదారుకు మించనక్కర్లేదు. పీపీ "ఒక్కొక్కటి బలహీనమైనా అన్నీ కలిపి చూడాలి" అంటాడు. కలిపి చూడాల్సింది రుజువైన వాటినే, రుజువు కానివి ఎన్ని కలిపినా సున్నానే అని అక్కడ చెప్పండి. రెండు అర్థాలకు తావుంటే నిందితుడికి అనుకూలమైనదే తీసుకోవాలని 1973లో కాళీరాం కేసు చెప్పింది, దాన్ని ఆఖరున ఉంచండి.

తీర్పు రోజుకు ఇద్దరు జామీనుదారులను, వాళ్ల ఆధార్, ఆస్తి పత్రాలు, పాస్‌పోర్టు సైజు ఫొటోలతో సిద్ధంగా ఉంచండి. నిర్దోషి అని తీర్పు వచ్చినా పైకోర్టు పిలిస్తే వస్తామని ఆరు నెలల బాండు రాయించుకుంటారు (సెక్షన్ 481). అది లేక విడుదలైన మనిషి ఇంకో రాత్రి కడప జైల్లో పడుకున్న సందర్భాలున్నాయి. శిక్ష పడితే తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి. హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు. శిక్ష నిలుపుదల పిటిషన్ అప్పీలుతో పాటే వేయండి.